పనున్నప్పుడే మేలుకునే రామాంజనేయులన్న

"నన్ను లేపొద్దు చక్రీ. రెండూ నలభైకి నేనే లేస్తా. మీటింగు రెండున్నరకని నాకూ తెలుసప్పా. మొదటి పది నిమిషాలు పార్థసారథి వాన గురించి మాట్లాడతాడు. స్టీవెనేజ్‌లో వాన గురించి నేను కొత్తగా తెలుసుకునేదేముండాది?"

కళ్ళు తెరవకుండానే అన్నాడు రామాంజనేయులన్న. ఆయన భుజం తట్టబోయిన నా చెయ్యి గాల్లోనే ఆగింది. నేనొక్కణ్ణే మీటింగుకి వెళ్ళాను. మా మేనేజరు పార్థసారథి గారు వానతో మొదలుపెట్టి, మంచు మీదుగా మళ్ళీ వానకొచ్చి, "సరేనండీ, ఇక విషయానికొద్దాం" అన్నారు. తలుపు తెరుచుకుంది. రామాంజనేయులన్న వచ్చి కూర్చున్నాడు. గోడ గడియారంలో రెండూ నలభై.

ఆయనకున్న వింత అలవాటు ఇదొక్కటే. పనుంటే మేలుకుంటాడు, పని అయిపోతే నిద్రపోతాడు. మనమంతా రెండు పనుల మధ్య కాసేపు కిటికీలోంచి చూస్తాం, ఫోను చూస్తాం, పక్కవాడి ఫోను చూస్తాం. ఆయన కళ్ళు మూస్తాడు. అలారం ఉండదు. లేవాల్సిన నిమిషానికి లేస్తాడు.

ఆయన అనంతపురం నుంచి ఈ ఇంగ్లీషువాళ్ళ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళు. వీడియో ప్లేయర్లు తయారుచేసే మా చిన్న కంపెనీలో ప్లేయరుకి టైము చెప్పే ప్రోగ్రామంతా ఆయన రాసిందే. నేను టెస్టరుని. అంటే రోజుకి ఎనిమిది గంటలు వీడియోలు చూడడం నా ఉద్యోగం. వినడానికి బావుంటుంది. ఒకే బాతు ఒకే చెరువులో ఈదే వీడియోని నాలుగువేలసార్లు చూశాక మనిషి ఎలా తయారవుతాడో నన్ను చూస్తే తెలుస్తుంది. ఈ పని నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. హౌన్స్‌లోలో ఉంటూ ఎయిర్‌పోర్టు గోడౌన్లో పెట్టెలు మోసే రోజుల్లో సొంతంగా కొంత నేర్చుకున్నాను. మిగతాది రామాంజనేయులన్న మేలుకుని ఉన్నప్పుడు పక్కన కూర్చుని విన్నదే. అందుకే నేర్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది.

ఆనాటి మీటింగు విషయం ఒక్కటే. దగ్గర్లోని ఒక డయాలసిస్ యూనిట్‌కి మా ప్లేయరు వేసిన టాబ్లెట్లు ఆరు ఇచ్చాం. ఆరు కుర్చీలు, ఆరుగురు పేషెంట్లు, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒక చేతికి సూదులు ఉంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. కుర్చీ దగ్గరున్న ప్లగ్గులన్నీ యంత్రాలకే సరిపోతాయి, చార్జరు పెట్టనివ్వరు. కాబట్టి టాబ్లెట్ బ్యాటరీ నాలుగు గంటలూ రావాలి. మూడుగంటల పది నిమిషాలకే పోతోంది. మార్చి నెలాఖరుకల్లా దీని సంగతి తేల్చకపోతే టాబ్లెట్లు వాపసు. ఆ ఆరుగురూ మళ్ళీ ఎదురుగా ఉన్న గోడ చూసుకుంటూ కూర్చోవాలి.

"చక్రి టెస్టులో నాలుగుంబావు వచ్చిందండీ," అన్నారు పార్థసారథి గారు. "అక్కడ మూడుంబావు కూడా రావట్లేదు. వాళ్ళ బ్యాటరీలు పాతవై ఉంటాయని రాసేద్దామా?"

"బ్యాటరీలు మనమిచ్చినవే కదప్పా."

"అవునండీ. అదొకటుంది."

"నేను చూస్తాలే," అన్నాడు రామాంజనేయులన్న. పని అయిపోయింది గనక కళ్ళు మూసుకున్నాడు.

ఈ నిద్ర గురించి మా ఆఫీసులో చాలా కథలున్నాయి. రోజూ పొద్దున బస్సెక్కగానే నిద్రపోతాడు. ఆఫీసు స్టాపు ముందు కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి బెల్లు నొక్కుతాడు. ఒకరోజు రోడ్డు తవ్వుతున్నారని బస్సుని వేరే దారిలో తిప్పారు. రామాంజనేయులన్న తన నిమిషానికి తాను లేచాడు, బెల్లు నొక్కాడు, ధైర్యంగా దిగాడు. దిగింది ఒక గోల్ఫు మైదానం పక్కన. అక్కణ్ణుంచి నాకు ఫోను చేశాడు.

"చక్రీ, టైము తప్పలేదు. ఊరే పక్కకి జరిగింది."

లేచాడంటే మాత్రం ఒక్క పనికోసం లేవడు. గంటకోసారి కుర్చీలోంచి లేస్తాడు. ఆ ఒక్క లేవడంలో కెటిల్ పెట్టి, నీళ్ళు కాగేలోపు ప్రింటరు దగ్గర కాగితాలు తీసుకుని, దార్లో కిటికీ మూసి, బాత్రూముకెళ్ళొచ్చి, ఎవరికైనా బర్త్‌డే అయితే చెయ్యి కలిపి, టీ కప్పుతో కూర్చుంటాడు. మధ్యలో ఎవరైనా "అన్నా, ఆ స్టేప్లరు ఇలా ఇస్తావా" అంటే, "వచ్చే రౌండులో" అంటాడు.

వాళ్ళావిడ అలివేలుమంగ వదిన మత్తు డాక్టరు. ఆపరేషన్ల ముందు మనుషుల్ని నిద్రపుచ్చుతుంది. డ్యూటీల రోటా ఎప్పుడు ఎలా మారుతుందో ఆమెకే తెలియదు. నేనొక ఆదివారం వాళ్ళింటికి వెళితే, బెల్లు రెండుసార్లు కొట్టినా ఎవరూ రాలేదు. మూడోసారి ఆమే తీసింది.

"అన్న లేడా వదినా?"

"సోఫాలో ఉన్నాడు. వాషింగు మెషీను ఆగడానికి ఇంకా నాలుగు నిమిషాలుందంట. అది ఆగాక బట్టల్ని బయటికీ నిన్ను లోపలికీ ఒకేసారి తెద్దామనుకున్నాడు."

"కోపం రాదా వదినా మీకు?"

"వస్తాది. రోటా చూసుకుని తీరికున్నప్పుడు తెచ్చుకుందామనుకుంటా, అంతలో నాకే నిద్రొస్తాది." ఆమె ఆవలించింది. "ఒక మనిషిని పడుకోబెట్టడానికి నాకు మూడు మందులు, ఒక మెషీను, ఇద్దరు నర్సులు కావాలబ్బీ. ఈయనకి ఒక కుషన్ చాలు."

సోఫాలోంచి గొంతు వినబడింది. "ఇంకా రెండు నిమిషాలు."

ఇదంతా బద్ధకమని నేనూ మొదట్లో అనుకున్నాను. ఆయన చెప్పగా విన్నాక కొంచెం అర్థమైంది.

"చూడు చక్రీ, సినిమా అంటే సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు. ప్రతి బొమ్మకీ ఒక టైముండాది. మన పాత ప్లేయరు ఏం చేస్తాండె? సెకనుకి వెయ్యిసార్లు లేచి, టైమయిందా, టైమయిందా అని అడుగుతాండె. ఇరవై అయిదుసార్లు అవునంటారు. మిగతా తొమ్మిదొందల డెబ్భై అయిదుసార్లూ ఊరికే లేచినట్టే. లేచిన ప్రతిసారీ బ్యాటరీ తింటాది. అది ప్లేయరా, జ్వరమొచ్చిన పిల్లోడా?"

"మరి నువ్వేం చేశావన్నా?"

"పన్నెండు బొమ్మలు ఒకేసారి స్క్రీను చేతిలో పెట్టి, ఇదిగో వీటి టైములు, నువ్వే వేసుకో సామీ అని చెప్పి పడుకునేట్టు రాసినా. అరసెకనుకి ఒకసారి లేస్తే చాలు. మాటా పాటా కూడా అంతే, అరసెకను ముందే పోసిపెడతాం. ఎంతసేపైనా పడుకో, తప్పులేదు. లేవాల్సిన క్షణం మాత్రం దాటకూడదు. దాటితే ఏమయితాది?"

"బొమ్మ పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది."

"మా బావమరిది మాదిరి," అని పడుకున్నాడు.

ఆయన సిద్ధాంతానికి సిసలైన శత్రువు పార్థసారథి గారు. కాకినాడ మనిషి, చెడ్డవారు కాదు, కంగారు మనిషి. పదిహేను నిమిషాలకోసారి వచ్చి "అయిందా అండీ?" అంటారు.

"ఈపొద్దు ఇది ఇరవై రెండోసారి పార్థసారథీ. నువ్వు అడిగినప్పుడల్లా నేను లేచి కాలేదని చెప్పాల. ఆ చెప్పడం కూడా పనే కదా. దాని బదులు అయినప్పుడు నేనే వచ్చి చెప్తా, నువ్వు నీ సీట్లో హాయిగా ఉండు."

"అలాగేనండీ. అంటే సుమారుగా ఎప్పుడు?"

"అయినప్పుడు."

"అంటే నాలుగింటికి ఒకసారి వచ్చి అడగనా?"

రామాంజనేయులన్న నా వైపు తిరిగి, "వెయ్యిసార్ల ప్లేయరు," అన్నాడు.

ఆ ఫిబ్రవరిలో ఆయన నిద్ర మరీ ముదిరింది. టీ కలుపుతూ చెంచా గుండ్రంగా తిరుగుతుండగానే కళ్ళు మూతలుపడేవి. దానికితోడు మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు ఆఫీసులో కనబడడం మానేశాడు. అడిగితే "యూనిట్ దగ్గరికి" అనేవాడు. అక్కడేం చేస్తున్నాడో చెప్పేవాడు కాదు. టాబ్లెట్లు మాత్రం ఇంకా నాలుగు గంటలు రావడం లేదు. విచిత్రమేమిటంటే వారానికి రెండు రోజులు వస్తున్నాయి, మూడోరోజు రావడం లేదు. నా లెక్కల కాగితం మీద ఒక గీత ఎక్కడం, ఒక గీత దిగడం. నాకేమీ పాలుపోలేదు.

మార్చి సగంలో పార్థసారథి గారు నన్ను కాంటీనులో పట్టుకున్నారు.

"చక్రీ, అనకూడదుగానీ, ఆయన అక్కడికెళ్ళి కుర్చీలో నిద్రపోతున్నారని నా అనుమానం. నెలాఖరు దగ్గరపడుతోంది. నువ్వోసారి వెళ్ళి చూసి రారాదూ? చూశాక ఫోను చెయ్యి. లేకపోతే నేనే చేస్తాలే."

గురువారం వెళ్ళాను. సన్నగా జల్లు, మధ్యాహ్నం మూడింటికే లైట్లు వేసున్నారు. యూనిట్ లోపల ఆరు కుర్చీలు, ఆరు యంత్రాలు, మోకాళ్ళ మీద దుప్పట్లు. మూడో కుర్చీకీ నాలుగో కుర్చీకీ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో వాలంటీర్ బ్యాడ్జీతో, తల గోడకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి రామాంజనేయులన్న నిద్రపోతున్నాడు. నాకు సిగ్గేసింది. పార్థసారథి గారి అనుమానాలు నిజమయ్యే రోజు ఒకటుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మూడో కుర్చీలో ఉన్నావిడ నన్ను చూసి, "తెలుగువాడివేనా బాబూ?" అంది. సత్యమ్మ గారు, తెనాలి దగ్గర ఊరు, కొడుకూ కోడలూ ఇక్కడ డాక్టర్లు. ఒళ్ళో టాబ్లెట్, అందులో పాత సినిమా. "ఆయన కోసమా? కూర్చో. లేపకు."

"ఎంతసేపట్నుంచి నిద్రపోతున్నారండీ?"

"ఏమో, నేను టైము చూడలేదు," అంది. ఆ మాట ఏదో ఘనకార్యం చెప్పినట్టు అంది.

అప్పుడే రామాంజనేయులన్న కళ్ళు తెరిచాడు. "సత్యమ్మత్తా, సగమయింది," అన్నాడు. నాలుగో కుర్చీ వైపు తిరిగి, "హాఫ్‌వే, సర్," అన్నాడు. ఆ కుర్చీలో ఉన్న రిటైరైన పోస్టుమాను, తెల్లాయన, బొటనవేలు ఎత్తి చూపించాడు. రామాంజనేయులన్న మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"చూశావా," అంది సత్యమ్మ గారు. "ఆయనొచ్చిన రోజు నేను గడియారం చూడను. ఆయన చూస్తాడుగా."

"నిద్రపోతున్నారు కదండీ."

"నిద్రలోనే చూస్తాడు. అదో విద్య."

ఆవిడే చెప్పింది. మొదటిరోజు ఆయనొచ్చి చేతిలో కాగితం పట్టుకుని ఏవో గీతలు గీస్తూ కూర్చున్నాడట. తర్వాత కాగితం తిప్పి చూపించాడట. అన్నీ సత్యమ్మ గారు టాబ్లెట్ని తట్టిన గీతలు. మూడొందల పదకొండు. తట్టినప్పుడల్లా స్క్రీను కింద టైము కనబడుతుంది. సినిమాలో ఎంతయిందో చూసి, డయాలసిస్ అయిపోవడానికి ఇంకా ఎంతుందో ఆవిడ లెక్కగట్టుకుంటుంది. నిమిషం కాకముందే మళ్ళీ తడుతుంది. ఆరుగురిదీ అదే పని. తట్టిన ప్రతిసారీ స్క్రీను వెలుగు పెరిగి, నిద్రపోతున్న ప్లేయరు మొత్తం లేచి, ఇరవై సెకన్లు మేలుకుని కూర్చుంటుంది. మా ఆఫీసులో నేను బాతుని చూస్తూ ఒక్కసారి కూడా తట్టలేదు. బాతు ఎంతసేపు ఈదితే నాకేం, నా జీతం నాకొస్తుంది.

"నాతో అన్నాడూ, అత్తా, ఎన్నిసార్లు అడుగుతావు దాన్ని, అలిసిపోవా, అన్నాడు. అలిసిపోతాను నాయనా, కానీ ఆగలేను అన్నాను. అయితే చూడ్డం నా పని, సినిమా నీ పని అన్నాడు. అంతే."

అందుకే వారానికి రెండు రోజులు బ్యాటరీ నాలుగు గంటలు వస్తోంది. ఆ రెండు రోజులూ ఈయన అక్కడ ఉంటున్నాడు.

నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. కాసేపు చూశాక ఒక సంగతి గమనించాను. రామాంజనేయులన్న ఎడమచెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంది. వాచీ మణికట్టుకి లోపలివైపు కట్టుకున్నాడు. నిమిషానికోసారి, ఒక్కోసారి నిమిషంలోపే, ఎడమ కన్ను వెంట్రుకవాసి తెరుచుకుంటోంది. వాచీ చూస్తోంది. మూసుకుంటోంది. మళ్ళీ తెరుచుకుంటోంది.

నేను వంగి చెవిలో అన్నాను. "అన్నా. నువ్వు నిద్రపోవట్లేదు."

"మిన్నకుండు."

"వెయ్యిసార్ల ప్లేయరువి నువ్వేనా?"

"గట్టిగా అనొద్దప్పా." పెదాలు కదపకుండా మాట్లాడుతున్నాడు. "బస్సు తప్పితే ఇంకో బస్సుండాది. ఈళ్ళకి మాటిచ్చి రెండు నిమిషాలు ఎక్కువ పడుకుంటే? ఈడ నాకు నిద్ర ఎట్ల పడతాది?"

"మరి కళ్ళు తెరిచే కూర్చోవచ్చుగా?"

"తెరిస్తే ఆరుగురూ టైమెంతని అడుగుతారు. నువ్వు చూసుకో, కళ్ళు మూసుకున్నోణ్ణి ఎవరూ టైమడగరు. ఈయనే నిశ్చింతగా పడుకున్నాడంటే ఇంకా చాలా ఉందిలే అనుకుంటారు."

ఆరేళ్ళుగా నేను చూసిన నిద్రల్లో దొంగనిద్ర ఇదొక్కటే. దీనికోసం ఆయన సగం సగం రోజులు సొంత సెలవు పెడుతున్నాడని, కూతురు నీలిమ చదువుకునే ఎడిన్‌బర్గ్ వెళ్ళడానికి దాచుకున్న సెలవులన్నీ అయిపోయాయని వదిన తర్వాత చెప్పింది. చెప్పి, "నేను మాత్రం ఏమనేది? ఇంటికొచ్చి నిజంగానే పడుకుంటున్నాడు, పాపం," అంది.

బయటికి రాగానే ఫోను మోగింది. పార్థసారథి గారు.

"నిద్రపోతున్నారా?"

"లేదండీ. మనందరికంటే ఎక్కువ మేలుకుని ఉన్నారు," అని జరిగింది చెప్పాను.

ఆయన మొత్తం మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. తర్వాత, "బావుందండీ. చాలా బావుంది. కానీ ప్రతి టాబ్లెట్‌తోపాటు ఆయన్ని కూడా పంపించలేం కదా," అన్నారు.

నిజమే. మర్నాడు ముగ్గురం కూర్చున్నాం. నర్సు మొదట్లో సెషన్ ఎన్ని గంటలో నొక్కితే, ఎంత మిగిలిందో ప్లేయరే నాలుగైదుసార్లు చెప్పాలనుకున్నాం. బొమ్మ కోసం ఎలాగూ లేస్తుంది, ఆ లేవడంలోనే ఇదీ చెప్పేస్తుంది, వేరే ఖర్చు లేదు. పార్థసారథి గారు ఇంకా ఒక గంట యాభై నిమిషాలు, సున్నా సెకన్లు అని అందంగా అంకెలు వేయించారు. శనివారం పెట్టి చూశాం. సత్యమ్మ గారు నాలుగొందల రెండుసార్లు తట్టింది.

"అంకె కనబడితే మనిషి తీసివేతలు మొదలుపెడతాడప్పా," అన్నాడు రామాంజనేయులన్న. మంగళవారం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని అడిగాడు, "అత్తా, చిన్నప్పుడు నిన్ను కదలకుండా ఎవరు కూర్చోబెడతాండ్రి?"

"మా అమ్మ. జడేసేటప్పుడు."

"ఏమనేది?"

ఆవిడ చెప్పింది. ఆయన రాసుకున్నాడు. గురువారం సత్యమ్మ గారి స్క్రీను మీద అంకెలు లేవు. మొదట్లో "ఇప్పుడేగా దువ్వెన పట్టింది" అని వచ్చి పోయింది. రెండు గంటలయ్యాక "సగం జడయింది, తల తిప్పకు." చివర్లో "రిబ్బను కడుతున్నా, ఉండు."

"జడేమిటండీ," అన్నారు పార్థసారథి గారు. "మెడికల్ యూనిట్ కదండీ అది."

ఆవిడ పదకొండుసార్లు తట్టింది. అందులో మూడుసార్లు బిస్కెట్ ముక్కలు దులపడానికి. టాబ్లెట్ నాలుగు గంటల ఆరు నిమిషాలు వచ్చింది. ఆరోజు యూనిట్‌లో నేనున్నాను, రామాంజనేయులన్న లేడు. ఆఫీసులో మేలుకుని, నాకు ప్రతి పదినిమిషాలకీ ఫోను చేసి "అయిందా?" అని అడిగాడు. అడిగిన ప్రతిసారీ పక్కన పార్థసారథి గారి నవ్వు వినబడింది.

ఒక కుర్చీ గెలిచాం. గడువుకి ఒక్క సెషన్ మిగిలింది, మిగతా అయిదు కుర్చీలకీ ఎవరి మాటలు వాళ్ళకి కావాలి. శుక్రవారం పొద్దున నేను రామాంజనేయులన్న డెస్కు దగ్గరికి వెళ్ళేసరికి, వేసుకోమన్నట్టు నా కోటు చేతికిచ్చాడు.

"నాలుగో కుర్చీ పోస్టుమాను ఇంటికాడే ఉంటాడంట, పొద్దుగూకేలోపు పోయిరా. ఉత్తరాలు పంచడానికి ఎంతసేపు పట్టేదని అడగొద్దు. ఏ వీధితో మొదలుపెట్టేటోడు, సంచీ సగం ఖాళీ అయ్యేది ఏ మలుపులో, ఆఖరి ఇంటికి ముందు ఏం కనబడేది, అది అడుగు. దార్లో కుక్కలేమన్నా ఉంటే వాటి పేర్లు కూడా రాసుకురా."